మంట రాకముందే లెక్క అడగాలి

రెంటచింతల ఎండ గురించి వినని తెలుగువారు అరుదు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదైన ఊళ్ల వార్తల్లో ప్రతి వేసవిలోనూ ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఎండలు ముదిరే నాటికి పల్నాడు పల్లెల్లో మిరపకాయలు కల్లాల్లో ఆరుతుంటాయి. అమ్ముడుపోని పత్తి వసారాల్లో గుట్టలుగా ఉంటుంది. గడ్డివాములు ఇళ్లను ఆనుకొని నిలిచి ఉంటాయి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు మండుతూనే ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ, తెగిపడిన ఒక్క విద్యుత్ తీగ, ఆర్పకుండా విసిరిన ఒక్క బీడీ ముక్క చాలు, ఏడాది కష్టం గంటలో బూడిద కావడానికి.

అటువంటి వేళ అందరమూ 101కు ఫోన్ చేస్తాము. శకటం ఎంతసేపట్లో వస్తుంది, అందులో ఎందరు ఉంటారు, ట్యాంకులో నీరు నిండుగా ఉందా, పొగలోకి వెళ్లగల పరికరాలు ఉన్నాయా అనే ప్రశ్నలు ఆ క్షణంలోనే మనకు గుర్తుకు వస్తాయి. అప్పటికి వాటికి జవాబు ఎప్పుడో నిర్ణయమై ఉంటుంది. నియామకాల దస్త్రంలో, మరమ్మతుల బిల్లులో, తనిఖీ రిజిస్టరులో ఆ జవాబు నెలల క్రితమే రాయబడి ఉంటుంది. అందువల్ల అగ్నిమాపక శాఖను లెక్క అడగవలసిన సమయం మంట లేని రోజే. పల్నాడు ముస్లిం సమాజం ఈ పనిని తన హక్కుల పోరాటంలో భాగంగా స్వీకరించాలన్నది మా అభిప్రాయం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయవలసి ఉంది. ఈ వ్యాసం అగ్నిమాపక సిబ్బందిపై ఫిర్యాదు కాదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలినప్పుడు మంటలను ఆర్పబోయి 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు విడిచారు. ఆ రోజునే దేశమంతటా అగ్నిమాపక దినంగా పాటిస్తున్నాము, వారం పొడవునా వారోత్సవాలు జరుపుతున్నాము. కరపత్రాలు పంచుతారు, పాఠశాలల్లో ప్రదర్శనలు ఇస్తారు. అది మంచిదే. అయితే తక్కువ మందితో, పాత శకటంతో, చాలని పరికరాలతో ఒక మనిషిని మంటల్లోకి పంపడం అతనికి చేసే గౌరవం కాదు. సిబ్బంది కొరతను ప్రశ్నించేవారు ఆ సిబ్బందికి మిత్రులే అవుతారు.

ఎవరి అజమాయిషీ?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలును చేర్చింది. పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాల్లో అగ్నిమాపక సేవలు కూడా ఒకటి. ఆచరణలో మాత్రం మన రాష్ట్రంలో ఈ సేవ 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద, హోం శాఖ పరిధిలోని రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన, అగ్నిమాపక సేవల శాఖ చేతిలో ఉన్నది. కేంద్రంలోని స్టేషన్ ఫైర్ ఆఫీసరు జిల్లా అగ్నిమాపక అధికారికి జవాబు చెబుతాడు, ఆయన పై అధికారికి చెబుతాడు. జవాబు ఎప్పుడూ పైకే వెళ్లుతుంది. నరసరావుపేటలోనో మాచర్లలోనో ఒక వార్డు కౌన్సిలరు తన పట్టణంలోని అగ్నిమాపక కేంద్రం స్థితిగతులపై చర్చ కోరితే, అది మా పరిధిలోనిది కాదనే సమాధానం సులభంగా లభిస్తుంది.

రాష్ట్ర స్థాయి శాఖ ఉండటం తప్పు కాదు. చిన్న పురపాలక సంఘాలకు శకటాలు కొనే స్తోమత ఉండదు, శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉండదు. కాని అధికారం రాజధానికి తరలినప్పుడు జవాబుదారీతనం కూడా వెంట తరలిపోకూడదు. జిల్లా స్థాయిలో ఒక వేదిక ఇప్పటికే ఉన్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టరు అధ్యక్షతన విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఉండాలి. స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన ప్రజాప్రతినిధి దానికి సహాధ్యక్షుడు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. కొత్త జిల్లా వచ్చినందువల్ల మనకు కలిగిన లాభం కలెక్టరు కార్యాలయం దగ్గర కావడమే అయితే, ఆ దగ్గరితనాన్ని ఇటువంటి పనులకు వినియోగించుకోవాలి.

మూడు లెక్కలు

మొదటిది మనుషుల లెక్క. ఒక శకటం బయలుదేరాలంటే ఒక లీడింగ్ ఫైర్‌మన్, ఒక డ్రైవర్ ఆపరేటర్, నలుగురు ఫైర్‌మెన్ ఉండటం సముచితం. రోజుకు మూడు షిఫ్టులు లెక్కిస్తే ఒక్క శకటానికి 18 మంది కావాలి. వారపు సెలవులు, అనారోగ్యం, శిక్షణ కలిపితే ఆ సంఖ్య 20 దాటుతుంది. అంతమంది లేనిచోట జరిగేది రెండింటిలో ఒకటి. ముగ్గురే శకటమెక్కి వెళ్లాలి, లేదా ఉన్నవారే నిద్రమాని పనిచేయాలి. ముగ్గురు వెళ్లినచోట ఒకడు పంపు వద్ద ఉండాలి, ఇద్దరు గొట్టం పట్టాలి. ఇక ఇంటి లోపల చిక్కుకున్న పసివాడిని ఎవరు తేవాలి?

రాత్రివేళ ఈ ప్రశ్న మరింత కఠినమవుతుంది. 2024 మే నెలలో ఎన్నికల్లో ఓటు వేసి హైదరాబాద్‌కు తిరిగి వెళ్తున్న బాపట్ల జిల్లా ప్రయాణికుల బస్సు, మన జిల్లాలోనే చిలకలూరిపేట మండలం పసుమర్రు సమీపంలో అర్ధరాత్రి దాటాక టిప్పరును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. ఆరుగురు ఆహుతయ్యారు. రహదారిపై బస్సు మండటం మొదలైతే ప్రయాణికులకు దొరికే వ్యవధి నిమిషాల్లోనే ఉంటుంది. జాతీయ రహదారి పొడవునా రాత్రి షిఫ్టులో ఎందరు ఉంటారు, ఇనుపరేకులు కోసే పరికరాలు ఏ కేంద్రంలో ఉన్నాయి అన్న సంగతి జిల్లా ప్రణాళికలో రాసి ఉండవలసిన విషయం.

రెండవది కాలం లెక్క. పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో, గ్రామాల్లో 20 నిమిషాల్లో శకటం చేరాలన్నది జాతీయ స్థాయిలో అగ్నిమాపక నిపుణులు పెట్టుకున్న కొలమానం. వెల్దుర్తి, బొల్లాపల్లి, దుర్గి మండలాల మారుమూల పల్లెలను తలచుకుంటే ఆ 20 నిమిషాల మాట ఎంత దూరంలో ఉందో స్థానికులకు చెప్పనక్కరలేదు. పైగా కోటప్పకొండ తిరునాళ్లకో, కారంపూడి వీరుల ఉత్సవాలకో శకటాలను బందోబస్తుకు పంపినప్పుడు వెనుక మిగిలిన పట్టణాలకు దిక్కెవరు? ఉత్సవాలకు శకటాలు పంపవలసిందే. లక్షలాది జనం కూడే చోట అది అవసరం. ఆ రోజుల్లో ఖాళీ అయిన కేంద్రానికి పొరుగు కేంద్రం ఎలా ఆసరా ఇస్తుందో ముందుగా నిర్ణయించి ప్రకటించాలన్నదే మా కోరిక.

మూడవది నీటి లెక్క. సాధారణ అగ్నిమాపక శకటంలో 4,500 లీటర్ల నీరు పడుతుంది. రెండు గొట్టాలు పూర్తి వేగంతో వదిలితే అది కొద్ది నిమిషాలకే ఖాళీ అవుతుంది. తరువాత నీరు ఎక్కడ నింపుకోవాలి? సాగర్ కుడి కాలువ పారే రోజుల్లో కాలువ ఒడ్డు గ్రామాలకు కొంత నిబ్బరం. కాలువ కట్టేశాక చెరువులే దిక్కు. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న ఎగువ మండలాల్లో వేసవిలో తాగునీటికే ట్యాంకరు రావాలి. అటువంటి చోట శకటం వచ్చినా రెండవసారి నింపుకునే నీరు లేకపోతే, గడ్డివాము పక్కనున్న పూరిల్లు కూడా పోతుంది. ప్రతి మండలంలోనూ శకటం నీరు నింపుకోగల చోట్లను గుర్తించి, వేసవికి ముందే సరిచూసి ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మన పేటలకు దీనితో ఏమి సంబంధం?

మంట మతాన్ని అడగదు, నిజమే. కాని అది ముందుగా చేరేది ఇరుకు సందుల్లోకి, తాటాకు పైకప్పుల్లోకి, ఒకే గదిలో ఇల్లూ దుకాణమూ నడిచే చోట్లలోకి. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాల్లో మౌలిక వసతులు చాలవని 2006లో సచార్ కమిటీ నివేదిక దేశం ముందుంచింది. రహదారి, మురుగు కాలువ, పాఠశాల గురించి ఆ నివేదిక ఆధారంగా మనం ఎన్నోసార్లు మాట్లాడాము. శకటం దూరగల దారి గురించి అంతగా మాట్లాడలేదు.

మన వృత్తులను చూడండి. నూర్‌బాషాల తరతరాల జీవనోపాధి దూది ఏకడం, పరుపులు కుట్టడం. దూది అంటుకుంటే పైకి ఆరినట్లు కనిపించినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. వెల్డింగ్ పని, మోటారు మెకానిక్ షెడ్డు, పాత ఇనుము దుకాణం, కట్టెల అడితి, గ్యాస్ పొయ్యిలపై నడిచే చిన్న హోటలు, ఇవన్నీ మంటతోనో మండే సరుకుతోనో సహవాసం చేసే పనులు. కౌలుకు మిరప సాగుచేసిన రైతు కల్లంలో పంట కాలిపోతే, పొలం తన పేరున లేనందువల్ల అతని మాట వినేవాడు కూడా ఉండడు.

హైదరాబాద్‌లో జరిగిన రెండు దుర్ఘటనలు మనకు హెచ్చరికలు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకొని పై అంతస్తుల్లోని 9 మంది మరణించారు. నివాసాల కింద రసాయనాలు నిల్వ చేయడాన్ని ఏ తనిఖీ అధికారీ ముందుగా ఆపలేదు. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక హిందూ వ్యాపార కుటుంబం నివసించే పాత భవనంలో మంటలు లేచి 17 మంది మరణించారు, వారిలో 8 మంది చిన్నపిల్లలు. ఆ ఇంటికి ఇరుకైన దారి ఒక్కటే. చుట్టుపక్కల ముస్లిం యువకులు ఏ రక్షణ పరికరమూ లేకుండా లోపలికి చొరబడి వారిని కాపాడాలని ప్రయత్నించారు. వారి సాహసానికి దేశమంతా నమస్కరించింది. కాని వట్టి చేతులతో పొగలోకి వెళ్లవలసిన అవసరం పౌరులకు కలగకూడదు. ప్రతి కేంద్రంలోనూ శ్వాస పరికరాలు ఉన్నాయా, వాటి సిలిండర్లు నిండి ఉన్నాయా, వాటిని ధరించి పనిచేయడంలో సిబ్బందికి శిక్షణ ఉన్నదా అన్నవి అందుకే మొదటి ప్రశ్నలు కావాలి.

ఇల్లు కాలితే వస్తువులతో పాటు కాగితాలు కూడా కాలిపోతాయి. ఇంటి పట్టా, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల చదువు ధ్రువపత్రాలు, పెద్దల పింఛను పత్రాలు. పౌరసత్వానికీ ఓటు హక్కుకూ కాగితమే ఆధారమని పదే పదే వినిపిస్తున్న ఈ రోజుల్లో ఒక పేద ముస్లిం కుటుంబానికి ఆ నష్టం ఎంతటిదో మన పాఠకులకు విడమరచి చెప్పనవసరం లేదు. సహాయానికీ బీమాకూ అగ్నిమాపక శాఖ ఇచ్చే ప్రమాద నివేదిక ప్రధాన ఆధారం. అది ఆలస్యం కాకుండా, తిరగకుండా, చేయి తడపకుండా బాధితుని చేతికి అందాలి. కాలిపోయిన పత్రాల జాబితా అందులో నమోదు కావాలి. ఇదీ పర్యవేక్షణలో భాగమే.

తరువాత దొరికే న్యాయం

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది ఊపిరాడక మరణించారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి దశాబ్దాల పాటు న్యాయస్థానాల మెట్లు ఎక్కారు. 2011లో సుప్రీంకోర్టు పరిహారం చెల్లించే బాధ్యతను హాలు యజమానులపైనా విద్యుత్ సంస్థపైనా ఉంచి, లైసెన్సు ఇచ్చిన అధికారినీ నగరపాలక సంస్థనూ ఆ బాధ్యత నుంచి మినహాయించింది. దీని నుంచి మనం గ్రహించవలసిన పాఠం ఒకటున్నది. తనిఖీ చేయవలసిన కార్యాలయం తన పని చేయనప్పుడు, ప్రాణాలు పోయాక దానిని బాధ్యురాలిగా నిలబెట్టడం అతి కష్టం. కనుక తనిఖీని ప్రమాదానికి ముందే తనిఖీ చేయాలి.

లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది మరణించారు. బాధితుల్లో ముస్లిం కుటుంబాలు అనేకం. అది రంజాన్ మాసం. సహరీ కోసం మేల్కొని ఉన్నవారు ఇరుగుపొరుగు తలుపులు తట్టి లేపారు. తరువాత జరిగిన బహిరంగ విచారణ భవన యజమానులనూ కంపెనీలనూ మాత్రమే ప్రశ్నించి ఊరుకోలేదు. ఇళ్లలోనే ఉండండి అన్న సలహాను ఉపసంహరించుకోవడంలో లండన్ అగ్నిమాపక దళం చేసిన జాప్యాన్ని కూడా 2019 నివేదికలో విమర్శించింది. నేడు ఇంగ్లండులోని ప్రతి అగ్నిమాపక సేవనూ స్వతంత్ర తనిఖీ సంస్థ పరిశీలించి, దాని సామర్థ్యానికీ సిబ్బంది సంక్షేమానికీ శ్రేణులు ఇచ్చి, ఆ నివేదికను ప్రజల ముందు ఉంచుతుంది. సాహసవంతులైన సిబ్బందిని గౌరవిస్తూనే వారి సంస్థను కఠినంగా పరీక్షించవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

మేము కోరుతున్నవి

ప్రభుత్వ కార్యాలయాల్లో ఏళ్ల తరబడి రిజిస్టర్లు రాసిన అనుభవంతో చెబుతున్నాము. ఇక్కడ కోరే సమాచారమంతా ప్రతి కేంద్రంలో ఏదో ఒక పుస్తకంలో ఉండవలసినదే. దానిని బల్ల సొరుగులోంచి గోడమీదికి తెస్తే చాలు.

ఒకటి. ప్రతి అగ్నిమాపక కేంద్రం వెలుపల ఒక బోర్డు పెట్టాలి. మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, పనిచేస్తున్న శకటాలు, మరమ్మతులో ఉన్నవి అందులో రాయాలి. సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను ప్రభుత్వ కార్యాలయాలు అడగకుండానే వెల్లడించవలసిన వివరాలను నిర్దేశిస్తున్నది.

రెండు. ప్రతి మూడు నెలలకూ ఒక నివేదిక పురపాలక సంఘం ముందుకూ జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ముందుకూ రావాలి. ఎన్ని పిలుపులు వచ్చాయి, పిలుపుకూ చేరికకూ మధ్య ఎన్ని నిమిషాలు పట్టాయి, ఎక్కడ జాప్యమైంది, ఎందుకైంది అన్నవి అందులో ఉండాలి.

మూడు. సినిమా హాళ్లు, ఆసుపత్రులు, పాఠశాలలు, జిన్నింగ్ మిల్లులు, శీతల గిడ్డంగులు, ఫంక్షన్ హాళ్ల తనిఖీ ఫలితాలను తేదీలతో ప్రకటించాలి. నోటీసు ఇచ్చాక లోపం సవరించారా లేదా అన్నదీ రాయాలి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా నడిచిన హోటల్లో 10 మంది మరణించాక జరిగిన తనిఖీల వల్ల ఆ పది ప్రాణాలకు ఒరిగిందేమీ లేదు.

నాలుగు. 15వ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు కేంద్రం 2023లో రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు 5,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రారంభించింది. మన వంటి రాష్ట్రాలు 25 శాతం వాటా కలపాలి. ఆ నిధుల్లో పల్నాడుకు చేరిన శకటాలు, పరికరాలు, భవనాల వివరాలను జిల్లా యంత్రాంగం ప్రకటించాలి.

అయిదు. పెద్ద శకటం దూరలేని పేటలను గుర్తించి పటం తయారుచేయాలి. వాటికి చిన్న వాహనాలు కేటాయించాలి. ఆ పటం తయారీలో ఆయా పేటల వారిని కూర్చోబెట్టుకోవాలి.

ఆరు. సిబ్బందికి రక్షణ దుస్తులు, శ్వాస పరికరాలు, వైద్య పరీక్షలు, సక్రమమైన పనిగంటలు కల్పించాలి. ఖాళీలను నిర్ణీత కాలంలో భర్తీ చేయాలి. మన యువకులు కూడా ఈ నియామకాలకు సిద్ధం కావాలి.

మన వంతు

ఇతరులను లెక్క అడిగే సమాజం తన లెక్క తానూ చూసుకోవాలి. అగ్నిమాపక శాఖ అనుమతి నిబంధనలు ప్రజలు గుమిగూడే భవనాలలో పాఠశాలలు, ఫంక్షన్ హాళ్లతో పాటు ప్రార్థనా స్థలాలను కూడా చేర్చాయి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాలలో 94 మంది పసివారు కాలిపోయారు. వంటగది నిప్పు తాటాకు కప్పుకు అంటుకుంది, దిగే మెట్లు ఇరుకు. ఆ ఘోరంపై వచ్చిన వ్యాజ్యంలోనే 2009లో సుప్రీంకోర్టు ప్రతి పాఠశాలలోనూ అగ్నిమాపక సాధనాలు ఉండాలని ఆదేశించింది. అంతకు ముందు 2001 ఆగస్టు 6న ఎర్వాడి దర్గా పరిసరాల్లోని ఒక ప్రైవేటు ఆశ్రయ గృహంలో గొలుసులతో కట్టివేసిన 28 మంది మానసిక రోగులు కదలలేక మంటల్లో మరణించారు. విశ్వాసంతో వచ్చినవారిని కాపాడే బాధ్యత ఆ విశ్వాసాన్ని స్వీకరించిన వారిదే. మన మదర్సాల వసతి గృహాల్లో రాత్రివేళ బయటి తలుపుకు తాళం వేస్తున్నామా? రెండవ దారి ఉన్నదా? షాదీఖానాలో వంట గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెడుతున్నాము? ప్రతి మస్జిద్ కమిటీ ఈ రంజాన్‌కు ముందే ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి.

నిద్రించే ముందు నిప్పును ఆర్పమని ప్రవక్త (స) బోధించారు. ఇంటి దీపం విషయంలోనే అంత జాగ్రత్త నేర్పిన ధర్మం మనది. పదవి ఒక అమానత్ అనీ, దానికి లెక్క చెప్పవలసిందేననీ ఇస్లాం చెబుతున్నది. ఇస్లామీయ నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తూకాలను, దారుల ఆక్రమణను, కూలే స్థితిలోని గోడలను తనిఖీ చేసేవాడు. ప్రజల భద్రతకై తనిఖీ అన్నది మనకు కొత్తగా నేర్పవలసిన భావన కాదు.

ప్రతి సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతున్నది. వ్యక్తిగత అర్జీలతో ఎందరో వెళ్తుంటారు. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, వినుకొండ, సత్తెనపల్లి మస్జిద్ కమిటీలు, నూర్‌బాషా సంఘాలు, మహిళా సంఘాలు, పొరుగు మతాల పెద్దలను కూడా కలుపుకొని పైన రాసిన ఆరు కోర్కెలతో ఒకే అర్జీ ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి. నెల గడిచినా కదలిక లేకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. చాపకూడు సంప్రదాయం పుట్టిన ఈ నేలలో ఒకే పంక్తిలో కూర్చోవడం ఎవరికీ కొత్త కాదు. వచ్చే ఏప్రిల్ 14న అగ్నిమాపక కేంద్రాల వద్ద జరిగే సభలకు మనం వెళ్లాలి. అమరులైన సిబ్బందికి శ్రద్ధాంజలి ఘటించాక, బోర్డు ఎప్పుడు పెడతారని అక్కడి అధికారిని మర్యాదగా అడగాలి. జవాబు వచ్చేవరకు అడుగుతూనే ఉండాలి.